సోడా నాంచారయ్య

నాంచారయ్య గారు పోయారని శ్రీను గారు ఫోనులో చెబితే, "ఏ నాంచారయ్య?" అని అడిగాను. దివిసీమలో వీధికొక నాంచారయ్య ఉంటారు కదా, మన నాంచారయ్య కాకూడదని మనసు వెతుక్కుంది. "మన సోడా నాంచారయ్యేరా" అంటూ ఆయన ఏడ్చేశారు. బంటుమిల్లిలో పాఠం ముగించి కుర్చీలో కూర్చున్న అధ్యాపకుడు మళ్లీ లేవలేదట. నలభై ఏళ్లకే ఆ నిర్మల హృదయం ఆగిపోయిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. సొంత అన్న పోయినట్టే ఉంది.

పాలకాయతిప్ప దగ్గర చేపల వేట మీద బతికే కుటుంబంలో పుట్టి, బందరు వచ్చి ఎమ్మెస్సీ చదివారు. నేను గుడివాడ నుంచి అదే చదువుకు చేరేనాటికి ఆయన, శ్రీను గారు నాకు సీనియర్లు. చేరిన వారానికే అద్దె ఇంటి డాబా మీద కొత్తవాళ్లకు విందు అన్నారు. విందంటే మందేనని అందరికీ తెలుసు. నాకు తాగడం ఇష్టం లేదు. కాదంటే ఆ రెండేళ్లూ ఒంటరినైపోతానని భయం. ఔనంటే అద్దంలో నా మొహం నేనే చూసుకోలేనని ఇంకా పెద్ద భయం. చదువు మానేసి గుడివాడ వెళ్లిపోదామని బ్యాగు కూడా సర్దుకుని, ఆ తర్వాతే డాబా ఎక్కాను.

శ్రీను గారు గ్లాసు అందించారు. "అలవాటు లేదండీ" అన్నాను.

"అలవాటుతో ఎవడు పుట్టాడ్రా? చేసుకో!"

"మోపిదేవి మొక్కుందండీ" అని అబద్ధమాడాను.

"ఎప్పటిదాకా?"

"కార్తీకం దాకా..."

"అయితే కార్తీకం వెళ్లగానే, ఇదే డాబా మీద!" అనగానే అందరూ చప్పట్లు. సుబ్రహ్మణ్యస్వామిని అడ్డం పెట్టుకుని తప్పించుకుందామనుకుంటే, ముహూర్తం పెట్టించుకున్నట్టయింది.

మూల కూర్చుని వేయించిన చేపముక్కలు తింటున్న మనిషి పకపకా నవ్వారు. చేతిలో గోలీసోడా ఉంది. ఆయనే నాంచారయ్య గారు. "ఇలా రా తమ్ముడూ" అని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"అలవాటు లేదంటే చేస్తామంటారు. మొక్కుందంటే ఎప్పుడు తీరుద్దంటారు. తాగను అని చెప్పు. ఇక అడగడానికేం ఉండదు."

"కోపం వస్తుందేమోనండీ."

"ఎందుకొస్తుంది? నీ వాటా వాళ్లకే మిగిలిందిగా!"

లేచి నిలబడి, "శ్రీను గారూ, నేను తాగనండీ" అన్నాను. ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి, "ఇంకో సోడా తయారయ్యాడ్రా, చేపలు దాచేయండి!" అని అరిచారు. అందరితో పాటు నేనూ నవ్వాను. గదికి వెళ్లి బ్యాగు విప్పేశాను.

చేపలు దాచమనడం ఉత్తి హాస్యం కాదు. మందులోకి నంజుకోవడానికి ఏది తెచ్చినా, కబుర్లు చెబుతూనే ఖాళీ చేసేవారు మా నాంచారయ్య అన్నయ్య. "గ్లాసుల సంగతి మీరు చూసుకోండి, ప్లేట్ల సంగతి నాకొదిలేయండి" అనేవారు. ఒకసారి శ్రీను గారు మందు ఎక్కువై వాంతులు చేసుకుంటే ఆయనే కడిగి పడుకోబెట్టారు. తెల్లారాక మొహం చూపించలేకపోతున్న స్నేహితుడికి మజ్జిగ గ్లాసు ఇచ్చి, "పట్టు, ఇదైతే నేనూ నీతో తాగుతా" అన్నారు. నీతిబోధ ఒక్క ముక్క లేదు.

నాకే కొన్నాళ్లకు కాస్త గర్వం వచ్చి, తాగేవాళ్లను చులకన చేసి మాట్లాడాను. "కాకరకాయ కూడా నాకు సయించదు తమ్ముడూ. అందుకేమన్నా సన్మానం చేస్తారా?" అన్నారు. ఎందుకు తాగరని అడిగితే మాత్రం ఎన్నడూ కారణం చెప్పలేదు. కారణం చెప్పాల్సిన పనే లేదన్నది ఆయన నమ్మకం.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక మేమంతా పాలకాయతిప్ప ఇసుకలో కూర్చున్నాం. శ్రీను గారు సీసా తెరిచి గ్లాసులు నింపారు. అడగకుండానే నా చేతికో సోడా ఇచ్చి, ఇంకోటి ఖాళీగా ఉన్న చోట పెట్టారు. "తాగేవాళ్లమంతా ఉన్నాం, తాగనోడు పోయాడ్రా" అన్నారు.

ఆ స్నేహశీలికి, ఆ నిగర్వికి అక్షరాలతో అంజలి ఘటించడం తప్ప నేనేం చేయగలను? ఆయన లేని లోటు తీర్చలేనిదని లోకం మర్యాదకు అనే మాట, ఆ సాయంత్రం నాకు కళ్లెదుటే కనిపించింది. శ్రీను గారు వేయించిన చేపల ప్లేటు నా వైపు జరిపి, "నువ్వన్నా తినరా" అన్నారు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. మింగుడు పడలేదు. మేం లేచేసరికి సీసా ఖాళీ అయింది. ప్లేటు నిండా చేపలు అలాగే ఉన్నాయి.