అత్తగారి క్లారినెట్ పట్టీలు

మా అత్తగారు పగలు కర్టెన్లు కుడతారు, సాయంత్రం ఊరి బ్యాండులో క్లారినెట్ వాయిస్తారు. రెండింటిలోనూ తప్పు ఒప్పుకునే అలవాటు లేదు. కుట్టు వంకరపోతే మిషన్‌ది తప్పు, క్లారినెట్ కీచుమంటే పట్టీది తప్పు.

పట్టీ అంటే నోట్లో పెట్టుకునే చివర రెల్లు బద్దను కదలకుండా బిగించేది. ఈ మధ్య కీచులు ఎక్కువై ఆవిడ పట్టీల మీద పట్టీలు కొన్నారు. ఇత్తడిది, తోలుది, వెండి పూతది. ఒక్కోటీ బిగించి వాయించి, "ఇప్పుడెలా ఉందే?" అని నన్ను అడిగేవారు. నా చెవికి అన్నీ ఒకటే. ఆ మాటంటే కొంప మునుగుతుందని, "ఇది కాస్త నయం అత్తయ్యా" అనేదాన్ని. దాంతో ఇంకోటి వచ్చేది.

చివరికి బ్యాండు మాస్టారు తేల్చేశారు. పార్కు కచేరీ రిహార్సల్లో మళ్లీ కీచుమంటే, ఏళ్ల తరబడి ఆవిడదైన ముందు కుర్చీ వేరేవాళ్లకి ఇస్తారట.

ఆ రోజు ఆవిడ ఆపిల్‌ను సన్నగా తరుక్కుని ఒక పక్క దవడతోనే నమలడం చూశాను. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అప్పటికే గమనించాను.

"అత్తయ్యా, ఏదీ, నోరు తెరవండి."

"నీ మొహం. ఎందుకు?"

"తెరవండి ముందు."

పై ముందు పన్ను ముట్టుకుంటే ఊగింది. క్లారినెట్‌ను సరిగ్గా ఆ పన్నుకే ఆనించి వాయించాలి.

"మీకు తెలుసా ఇది?"

"తెలుసు. పన్ను పోతే కుర్చీ పోతుందే. ముసలిదైపోయింది, పక్కన పెట్టండంటారు."

నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ కళ్లలో నీళ్లు.

మర్నాడే డాక్టరు పన్ను పీకేశాడు. కొత్తది కట్టాలంటే చిగురు మానాలన్నాడు. రిహార్సల్ అంతవరకు ఆగదుగా. ఆవిడ పై పెదవిని పళ్ల మీదికి మడిచి, క్లారినెట్‌ను పన్నుకు బదులు ఆ పెదవికే ఆనించి వాయించడం మొదలుపెట్టారు. పెదవి వాచిపోయేది. ఐసుముక్క అద్దుకుని మళ్లీ కూర్చునేవారు. పట్టీల డబ్బా వైపు కన్నెత్తి చూడలేదు.

రిహార్సల్‌కి నేనూ వెళ్లాను. చివరిదాకా విన్నాను. ఒక్క కీచు లేదు.

అయ్యాక మాస్టారు వచ్చి క్లారినెట్ మీదికి వంగి చూశారు. "కొత్త పట్టీనా అండీ? స్వరం ఇంత మెత్తబడింది, ఎక్కడ కొన్నారు?"

అది వాయిద్యంతో పాటు వచ్చిన పాత పట్టీ. అత్తగారు ముందు కుర్చీలోంచి లేవకుండానే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పన్ను ఊడిన చోటు మాస్టారికి బాగా కనబడేలా నవ్వారు.