నేను చదవని రెండో పేజీ

మా చిన్నప్పుడు... సింగపూర్‌లో మేం వెళ్లే పుస్తకాల కొట్లో కుర్చీలు ఇరవయ్యే ఉండేవి. ఆదివారం వచ్చేవాళ్లు మాత్రం నలభై మంది. అందుకే వుడ్‌ల్యాండ్స్ నుంచి నాన్నతో రైల్లో వచ్చీ రాగానే నేను చేసే మొదటి పని, ముందు వరసలో ఓ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసుకోవడం. మనవైపు బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తారు చూడండి, అలాగన్నమాట.

లిటిల్ ఇండియాలో, సెరంగూన్ రోడ్డు వెనక సందులో ఉండేది ఆ కొట్టు. నడిపే ఆవిడని అందరం పుస్తకాల ఆంటీ అనేవాళ్లం. ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుండేది... షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో పనిచేసే అంకుల్స్ మాలాంటి పిల్లలకి అరగంట తెలుగు చదవడం నేర్పాలి. తర్వాత అరగంట మేం వాళ్లకి ఇంగ్లీషులో ఉన్నవి చదివి తెలుగులో చెప్పాలి. మందు డబ్బా మీద రాసింది కావచ్చు, పేపర్లో వార్త కావచ్చు. ఆ తర్వాత నాటకమో, క్విజ్జో, కథ చెప్పడమో.

ఒక్కటే నియమం. సంతకం పెట్టాల్సిన కాగితమైతే పిల్లలు ముట్టుకోకూడదు. ఆంటీయే చదవాలి.

నా జోడీ అప్పలనాయుడు అంకుల్. బొబ్బిలి దగ్గర పల్లె ఆయనది, ఇక్కడ షిప్‌యార్డులో వెల్డరు. నా కాపీ పుస్తకం వారమంతా ఆయన దగ్గరే ఉండేది. పై వరసలో ఓ వాక్యం గుండ్రంగా రాసి తెచ్చేవాడు, కింద వరసలో నేను దిద్దేదాన్ని. "అలాగ కాదు పాపా, ఆ ఒత్తు జారి పడిపోతాది సూడు" అని నవ్వేవాడు. ఆయనంటే నాకు చాలా ఇష్టం. ఈ మాట ముందే చెప్పుకుంటున్నాను... తర్వాత సంగతి విన్నాక మీరు నమ్మరని.

ఓ ఆదివారం కుడిచేతికి కట్టుతో వచ్చాడు. పనిలో వేళ్లు నలిగాయట. జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. మర్నాడు పొద్దున్నే సంతకం పెట్టి ఇమ్మన్నారట కంపెనీవాళ్లు. ఆంటీ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ నాటకానికి తెర కడుతూ "ఒక్క నిమిషం బాబూ" అంది. ఆ నిమిషం పావుగంటైంది.

"పోనీ నువ్వు సూడు పాపా... ఏటి రాసినారో."

నియమం నాకు తెలుసు. కానీ క్లాసులో ఇంగ్లీషులో ఫస్టు నేనే... నాకు రాని ఇంగ్లీషా! మొదటి పేజీ గడగడా చదివేశాను. దెబ్బ ఎప్పుడు తగిలింది, ఎక్కడ తగిలింది, డాక్టరు ఏం చేశాడు... అంతా చెప్పాను. ఆయన "అవును, అవును" అంటూ తలూపాడు. పేజీ తిప్పితే అన్నీ పెద్ద పెద్ద మాటలు, ఒక్కటీ అంతుపట్టలేదు. అప్పుడే అటు చూస్తే, ఎవరో అమ్మాయి నా టిష్యూ ప్యాకెట్ పక్కకి తోసి నా కుర్చీలో కూర్చోబోతోంది.

"సేమ్ సేమ్ లా అంకుల్! జస్ట్ సైన్!" అని, అందులోనూ అదే ఉందన్నట్టు చెప్పేసి పరిగెత్తాను.

"మొత్తం సదివినావు కదా పాపా?" అని వెనక నుంచి అడిగాడు. వెనక్కి తిరిగి తలూపాను.

కుర్చీ దక్కింది. ఆ రోజు ఏం నాటకం వేశారో మాత్రం ఇప్పుడు గుర్తు కూడా లేదు.

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. ఆయన గదిలోనే ఉండే రమణ అంకుల్ వచ్చి ఆంటీతో చెప్పాడు. "నాయుణ్ని ఇంటికి పంపీసినారమ్మా. 'నాకింక వైద్యం అక్కర్లేదు, నా ఇష్టంతోనే ఎల్లిపోతన్నాను' అని ఉందంట రెండో కాయితంలో. ఎడం సేత్తో సంతకం ఎట్టీసినాడు. సెయ్యింకా మాననేదమ్మా... ఆ సేత్తోనే ఇమానం ఎక్కినాడు."

ఆంటీ మొహం పాలిపోయింది. "ఎవరు చదివిపెట్టారు?"

"ఎవురో సదివినారన్నాడు. పేరు సెప్పనేదు."

నేను అక్కడే, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. రమణ అంకుల్ సంచిలోంచి నా కాపీ పుస్తకం తీసి ఇచ్చాడు. తెరిచాను. పై వరసలో ఆ వారం వాక్యం... ఎడమ చేత్తో రాశాడు కాబోలు, అక్షరాలన్నీ వంకర్లు. "మా పాప బాగా చదువుతుంది" అని ఉంది.

ఆ రోజు ఇంటికెళ్లి అన్నం తినలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. కొన్ని నెలల తర్వాత రమణ అంకుల్ ఒక్కసారి చెప్పాడు, నాయుడి వేళ్లు ముడుచుకోవడం లేదని, ఇంక వెల్డింగు చెయ్యలేడని. తర్వాత ఆయనా వెళ్లిపోయాడు. మళ్లీ కబురు లేదు.

మొన్నీమధ్య అద్దె పెరిగి కొట్టు మూసేశారు. చివరి ఆదివారం నేనూ వెళ్లాను. కుర్చీలు మడతపెడుతూ, ఇన్నేళ్లకి, ఆంటీకి చెప్పేశాను. ఆవిడ చేతిలో కుర్చీ కింద పెట్టింది.

"నాకు ఆ రోజే తెలుసమ్మా, నీ మొహం చూశాను. నిన్నేమని అడగను... ఒక్క నిమిషం అన్నది నేను కదా" అంది. ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం.

ఇప్పుడక్కడ బబుల్ టీ అమ్ముతున్నారు. కాగితం మీద ఫోను పెడితే అదే తెలుగులో చెప్పేస్తోంది, పిల్లల్ని బతిమాలే అవసరం ఎవరికీ లేదు. మంచిదే... ఫోనుకి ముందు వరస కుర్చీ మీద ఆశ ఉండదు.

మీ చిన్నప్పుడు మీరూ ఎవరికైనా చదివిపెట్టారా? చివరిదాకా చదివారా? అలాంటి సంగతులుంటే రాయండి, నాకు వినాలనుంది. మీలో బొబ్బిలి వైపు వాళ్లుంటే, సింగపూర్‌లో వెల్డింగు చేసి వచ్చిన, కుడిచేతి వేళ్లు ముడవలేని నాయుడు గారు ఎక్కడైనా కనిపిస్తే, దయచేసి చెప్పండి... పాప మొత్తం చదవలేదని.

ఆ కాపీ పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ పేజీలో కింద వరస ఇప్పటికీ ఖాళీ.