కింద నుంచి వచ్చిన కొమ్మ

మా అత్తయ్యకి దేన్నీ కత్తిరించడం చేతకాదు. చిరిగిన చొక్కా పారేయదు, వాగే మనిషిని మధ్యలో ఆపదు. అందరూ దాన్ని మంచితనం అంటారు. నేననను.

ఆమె ఇస్త్రీ కొట్టు వెనక నిమ్మచెట్టుతోనూ అదే తంతు. నర్సరీ నుంచి అంటు మొక్క తెచ్చి నాటింది. అది మోకాలెత్తు దగ్గరే ఆగిపోయింది. తరవాత మొదట్లోంచి ఇంకో కొమ్మ జివ్వున లేచి, దాన్ని దాటేసి గోడెక్కింది. అత్తయ్య మురిసిపోయింది. ఆ కొమ్మ ముళ్లు ఆరేసిన బట్టల్ని చింపుతున్నా దాని మీద ఈగ వాలనిచ్చేది కాదు.

కాయ మాత్రం లేదు. ఆమె పనికేమో నిమ్మకాయ లేనిదే గడవదు. తుప్పు మరకకి రసం, ఉప్పు రాసి ఎండలో పెడుతుంది. ఆవిరి ఇస్త్రీపెట్టెలో పేరుకున్న సున్నానికీ అదే మందు. పిండేసిన తొక్కలు ఎండబెట్టి బట్టల బీరువాలో పడేస్తుంది, పురుగు పట్టకుండా. ఆ కాయలన్నీ బజార్లో కొన్నవే. "పెరట్లో చెట్టు పెట్టుకుని కాయలు కొనుక్కునేది ఊరు మొత్తానికి నువ్వొక్కదానివే," అని మామయ్య దెప్పేవాడు.

ఇంతలో కొట్టు ఓనరు వచ్చి, అక్కడ నీళ్ల ట్యాంకు కట్టిస్తానని, కాయని చెట్టు ఉంటేనేం పోతేనేం, కొట్టేయిస్తానని చెప్పి వెళ్లాడు. ఆ పూట అత్తయ్యకి ముద్ద దిగలేదు.

చొక్కాలు తీసుకోవడానికి వచ్చిన నర్సరీ ఆయన్ని ఆమె పెరట్లోకి లాక్కెళ్లి, చెట్టుకేం రోగమో చెప్పమంది. ఆయన వంగి చూసి నవ్వేశాడు.

"అమ్మా, ఇన్నాళ్లూ మీరు పెంచింది నిమ్మని కాదు. గట్టి వేరు కోసమని కింద అడవి మొక్క పెట్టి, దాని మీద నిమ్మ అంటు కడతాం. కట్టు కింద నుంచి లేచిందంతా ఆ అడవిదే. చూడండి, కాడకి మూడేసి ఆకులు. నిమ్మకైతే ఒక్కటే. తిండంతా ఇది లాగేస్తుంటే ఆ పిల్లకేం మిగులుతుంది?"

అత్తయ్యకి ఒళ్లు మండింది. ఆయన చొక్కాలు ఆయన మొహాన పడేసి పంపించింది. ఆ తరవాత పెరట్లో కూర్చుని, రెండు కొమ్మల నుంచీ ఒక్కో ఆకు తెంపి, నలిపి, వాసన చూసింది. పొట్టిదాని ఆకులోనే నిమ్మ వాసన.

అత్తయ్య రంపం తెస్తే మామయ్య అందుకోబోయాడు. ఇవ్వలేదు. పెంచింది తానే కాబట్టి కోసేదీ తానేనంది. ముక్కు చీదుకుంటూ కోసింది.

ఓనరు వచ్చి, మిగిలిన పుల్లని చూసి, "సగం పని మీరే చేసిపెట్టారే," అన్నాడు.

"మిగతా సగానికి పూత దాకా గడువివ్వండి. పూయకపోతే రంపం నేనే తెచ్చిస్తా."

గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. వానలు పడ్డాక ఆ పుల్ల గుబురెక్కి, తెల్లగా పూసింది. సగం పూత రాలింది. కొన్ని పిందెలు నిలిచాయి. ట్యాంకు మేడ మీదికి పోయింది.

ఇప్పటికీ చెట్టు మొదట్లో చిగురు కనిపిస్తే చాలు, అత్తయ్య గోటితో గిల్లేస్తుంది. గిల్లే ముందు మాత్రం దాన్ని ఒకసారి నిమురుతుంది.

"ఏం చేయనే తల్లీ, నువ్వూ ముద్దుగానే ఉన్నావు."