గడప ముందుకు వచ్చిన బోనం

2021 ఆషాఢం. హైటెక్ సిటీలో ఒక పెద్ద ఐటీ క్యాంపస్‌కి నేను డాక్టర్ని. మా గదిని ఓహెచ్‌సీ అంటారు, అంటే ఆక్యుపేషనల్ హెల్త్ సెంటర్. ఉద్యోగులకు తలనొప్పి వచ్చినా, మెట్ల మీద కాలు బెణికినా, ఛాతీలో పట్టేసినట్టున్నా మొదట వచ్చేది అక్కడికే. ఆ ఏడాది రావడానికి ఉద్యోగులే లేరు. అందరూ ఇళ్ళ నుంచి పనిచేస్తున్నారు. క్యాంపస్‌లో మిగిలింది సెక్యూరిటీ వాళ్ళు, హౌస్‌కీపింగ్ వాళ్ళు, జనరేటర్లు చూసేవాళ్ళు, నేను.

అప్పటి ఆ చోటు ఇప్పుడు తలుచుకుంటే నిద్రలో చూసినట్టే ఉంటుంది. అద్దాల మేడల మీద మబ్బులు నెమ్మదిగా నడిచి వెళ్ళేవి. లిఫ్టు తలుపులు తెరుచుకుని, ఎవరూ లేని వరండాకి అంతస్తు నంబరు చెప్పి, మళ్ళీ మూసుకునేవి. ఫుడ్ కోర్టులో బోర్లించిన కుర్చీల మధ్య పావురాలు తిరిగేవి. వాన కురిసి వెలిసిన పొద్దున వెనకున్న పెద్ద రాతి గుండ్ల మీది నుంచి నెమళ్ళు దిగి, కార్లు నిలపాల్సిన తెల్లగీతల మధ్య తీరిగ్గా నిలబడేవి.

ఆ గుండ్ల దగ్గరే పోచమ్మ గుడి. గుడి అంటే రెండు పెద్ద రాళ్ళ మధ్య పసుపు పూసిన ఒక రాయి, దాని ముందు అరుగు. భూములు చేతులు మారినప్పుడు గుడి కాంపౌండు లోపల పడింది, ఊరు గోడకు అవతల బస్తీగా మిగిలింది. ఏటా బోనాల ఆదివారం మాత్రం వెనక గేటు తెరుస్తారు. ఆడవాళ్ళు కొత్త కుండలో అన్నం వండి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించి తల మీద పెట్టుకుని వస్తారు. అదే బోనం. డప్పులు, పోతరాజు చిందులు, బెలూన్ల వాళ్ళు, మిఠాయి బండ్లు, అంతా కలిపి పెద్ద జాతర.

2020లో గేటు తెరవలేదు, తెరవమని ఎవరూ అడగనూ లేదు. 2021కి వచ్చేసరికి కరోనా రెండో వేవ్ తగ్గుతోంది. జాగ్రత్తలతో పండుగ చేసుకోవచ్చని ప్రభుత్వం చెప్పింది. ఒకరోజు పొద్దున మా క్యాంపస్ మేనేజరు శ్రీనివాసరావు గారు ఓహెచ్‌సీ గుమ్మంలో నిలబడి, "డాక్టరుగారూ, పెద్ద చిక్కొచ్చి పడిందండీ" అన్నారు. "బస్తీవాళ్ళు జాతరకి గేటు తెరవమంటున్నారు. పోలీసులనడిగితే ప్రైవేటు స్థలం, మీ ఇష్టం అంటున్నారు. మా పైవాళ్ళేమో మెడికల్ ఒపీనియన్ కావాలంటున్నారు. తెరవొచ్చో వద్దో మీరొక్క మాట రాసిచ్చేయండి."

మెడికల్ ఒపీనియన్ అంటే డాక్టరు సంతకంతో ఇచ్చే అభిప్రాయం. 'వద్దు' అని రాయడం చాలా తేలిక. అలా రాసిన డాక్టర్ని ఆ రోజుల్లో ఎవరూ తప్పు పట్టరు. కాగితం తీసుకున్నాను కూడా. కానీ జాతర ఎలా జరుగుతుందో నేను ఎప్పుడూ చూడలేదు. మాది కోనసీమ. ఆ ఆదివారాలు నాకు సెలవు. చూడని రోగికి మందు రాసినట్టుంటుందని అనిపించి, "సాయంత్రం వరకు ఆగండి, ఒకసారి వెళ్ళి చూసొస్తాను" అన్నాను.

జాతర కమిటీ పెద్ద యాదగిరి ఒకప్పుడు మా క్యాంపస్‌లోనే సెక్యూరిటీ సూపర్‌వైజరు. ఆయనే వెంట ఉండి దారంతా చూపించాడు. వెనక గేటు దాటగానే ప్రహరీకీ జనరేటర్ గదికీ మధ్య ఒక సందు. ఇద్దరు పక్కపక్కన నడిస్తే భుజాలు రాసుకుంటాయి. దాని చివర గుండ్లు, ఆకాశం, గాలి.

"జనం ఎక్కడ ఆగుతారు?" అని అడిగాను.

"ఈడనేనమ్మా. తల్లి కాడ జాగ లేదు గదా. ఒక్కొక్కలు బోనం దించి మొక్కుతుంటే, మిగిలినోళ్ళు ఈ సందుల నిలబడ్తరు. మాపటికి గాని లైన్ ఒడువది."

గుడి దగ్గర గాలి ధారాళంగా ఆడుతోంది. అక్కడ ప్రమాదం తక్కువ. ప్రమాదమంతా ఈ సందులోనే ఉంది. ఒకరి ఊపిరి ఇంకొకరి మెడకు తగిలేలా, గంటల తరబడి.

బస్తీలో యాదగిరి ఇంటి ముందు కొంతమంది దూరదూరంగా కూర్చున్నారు. బాలమణి వచ్చింది. మా బిల్డింగులో హౌస్‌కీపింగ్ చేస్తుంది, బీపీ చూపించుకోవడానికి నా దగ్గరికి వచ్చేది. వేసవిలో ఆమె భర్త దవాఖానలో ఆక్సిజన్ మీద ఉండి, బతికి ఇంటికొచ్చాడు.

"మేడం, ఆయన లోపట, నేను గేటు బయట. లోపటికి రానియ్యలే. ఏడికి పోవాలె? ఎవర్ని అడగాలె? తల్లీ, మనిషిని ఇంటికి తోల్కరా, నీకు బోనం ఎత్తుతా అని మొక్కిన. తోల్కొచ్చింది. ఇప్పుడు నేను మాట తప్పాల్నా?"

నేను జవాబు చెప్పేలోపు గోడ పక్క నుంచి ఒక గొంతు లేచింది. క్యాబ్ నడిపే మల్లేశ్. ముప్పై ఏళ్ళుంటాయి. అదే వేసవిలో వాళ్ళ అమ్మ పోయింది.

"నీ మనిషి ఇంటికొచ్చిండు వదినా, నువ్వు బోనం ఎత్తుతవు. మా అవ్వ రాలే. మరి నేనేం ఎత్తాలె? ఆమెను మోయనీకి ఒక్కడు రాలే. ఇప్పుడు డప్పు కొడితే మాత్రం అందరొస్తరా?"

దూరంగా మెట్రో రైలు ఒకటి దాదాపు ఖాళీగా, వెలుగుతున్న పెట్టెల వరసలా వెళ్ళిపోయింది.

యాదగిరి గొంతు తగ్గించి నాతో అన్నాడు. "అమ్మా, ఎనకట ఊళ్ళకు గత్తర సోకినప్పుడు, ఆ రోగం పోవాల్నని మొక్కిన పండుగ ఇది. రోగం వచ్చిందని పండుగనే ఆపుతామంటే మా పిల్లలకు ఏం జెప్పాలె?"

నా దగ్గర వైరస్ గురించి చెప్పడానికి చాలా ఉంది. కానీ అదేదీ చెప్పకుండా, నిజంగా తెలియకే అడిగాను: "జాతరలో ఏది లేకపోతే అది జాతర కాదు? మిఠాయి బండ్లు లేకపోతే?"

"గవి లేకున్నా నడుస్తది."

"పోతరాజు?"

యాదగిరి తటపటాయించాడు. "కష్టమే గాని... నడుస్తది. బోనం మాత్రం తల్లి కాడికి పోవాలె. దీపం ఆగొద్దు. డప్పు సప్పుడు అందరికి ఇనబడాలె."

అప్పటిదాకా నేల చూస్తున్న మల్లేశ్ నెమ్మదిగా అన్నాడు. "మా అవ్వకు మోకాళ్ళు నొచ్చేటియి. ఆఖరిసారి జాతరైనప్పుడు గుడి దాకా పోలే. గడపల కూసోనే మొక్కింది. డప్పు సప్పుడు ఇనుకుంటనే ఏడ్చింది. ఆమెకు గదే జాతర."

అక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరు ముందన్నారో నాకు గుర్తులేదు. ఎవరి ఇంట్లో వాళ్ళు బోనం వండి గడప మీద పెట్టుకుందాం, ఒక్క బోనమే అన్ని గడపల ముందు నుంచి తల్లి దగ్గరికి పోనీ అన్న మాట ఒకరి నోట మొదలై ఇంకొకరి నోట పూర్తయింది. సందు వద్దు. ముందు వైపు పెద్ద రోడ్డు ఎలాగూ ఖాళీ, మెయిన్ గేటులోంచే తీసుకువెళ్ళవచ్చు. బాలమణి, ఇద్దరు డప్పులవాళ్ళు, యాదగిరి, అంతే.

సాయంత్రం శ్రీనివాసరావు గారికి రాసిచ్చాను. వెనక గేటు తెరవవద్దు, మెయిన్ గేటు తెరవండి అని. ఆయన రెండుసార్లు చదివి, "ఇంతకీ అవునన్నట్టా, కాదన్నట్టాండీ?" అన్నారు.

ఆదివారం పొద్దున ఆకాశం వెన్నెల రాత్రిలా మసకగా ఉంది. బాలమణి పాదాలకు పసుపు, తల మీద కుండ, దాని మీద దీపం. ముక్కు మీద మాస్కు. వెనక బాగా దూరంగా డప్పులు. బస్తీ సందుల్లో ప్రతి గడప మీదా ఒక కుండ, ఒక దీపం, వెనక మనుషులు. ఎవరూ గడప దిగలేదు. మేడల మీద పిల్లలు గోడ పట్టుకుని చూస్తున్నారు. మామూలుగా అరుపులతో మారుమోగే పండుగలో ఆ డప్పుల చప్పుడొక్కటే, తడిసిన గాలిలో మెత్తగా వినిపిస్తోంది.

మల్లేశ్ గడప ఒక్కటే ఖాళీ; అవ్వ లేని ఇంటి తలుపు తీయనని ముందురోజే చెప్పాడు. ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి బాలమణి నడక తగ్గింది. బోనం మోసే ఆడమనిషిలో తల్లినే చూస్తారు, ఎదురొచ్చి కాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. దగ్గరికి ఎవరూ రాకూడదని నేనే చెప్పి ఉన్నాను. తలుపు తెరుచుకుంది. మల్లేశ్ చెంబుతో గడప మీద నిలబడ్డాడు. నా వైపు ఒకసారి చూశాడు. అతను అక్కడి నుంచి కదలకుండానే వంగి, పసుపు నీళ్ళు గడప మీదే వంచాడు. సందు వాలుగా ఉంది. నీళ్ళు సన్నటి పాయగా బండల మధ్య వెతుక్కుంటూ వచ్చి బాలమణి పాదాలను చుట్టుకున్నాయి. అవి వచ్చేదాకా ఆమె కదలలేదు. మల్లేశ్ తలుపు చెక్కకు ఆనుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అక్కణ్ణుంచి పెద్ద రోడ్డు. సిగ్నళ్ళు ఎవరి కోసమో రంగులు మారుతున్నాయి. అద్దాల మేడ పక్కన ఆమె నడుస్తుంటే ఒక్కో అద్దంలో ఒక్కో బాలమణి, ఒక్కో దీపం. సన్నని చినుకులకు మంట వంగింది, మళ్ళీ నిలబడింది. నేను ఫుట్‌పాత్ మీద నడుస్తూ, ఇంత పెద్ద ఊళ్ళో మేల్కొని ఉన్నది ఆమె ఒక్కతేనేమో అనుకున్నాను.

అంతా అలాగే సాగిందని చెప్పలేను. బోనం గుడి చేరాక వెనక గేటు దగ్గర కొంతమంది చేరి గేటు ఊపారు. "మాల్‌ల కాడ లేని కరోనా మా తల్లి కాడనే ఉంటదా మేడం?" అని ఒకతను నన్ను నిలదీశాడు. అతని మాటలో న్యాయం ఉంది. యాదగిరి గేటుకు వీపు ఆనించి నిలబడి, "నన్ను తిట్టుర్రి, ఆమెనేం అనకుర్రి" అన్నాడు. ఆయన మీది గౌరవంతో వెళ్ళారు గానీ, నా మాట నచ్చి కాదు. వాళ్ళలో కొందరు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటారు.

తర్వాత రెండు వారాలు ఫోను మోగితే బస్తీ నుంచేమోనని ముందు పేరు చూసుకునేదాన్ని. ఒకరిద్దరికి జ్వరం వచ్చింది. బస్తీకే వెళ్ళి టెస్టులు చేయించాను. కోవిడ్ కాదు. ఆ రోజు కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు కళ్ళు మూసుకున్నాను. నేను సరైన నిర్ణయం తీసుకున్నానో, అదృష్టం కలిసొచ్చిందో నాకు నిజంగా తెలియదు. వైద్యంలో చాలాసార్లు ఆ రెండింటినీ విడదీయలేం.

ఇప్పుడు ఆఫీసులు నిండిపోయాయి, ఓహెచ్‌సీ ముందు కుర్చీలు ఖాళీ ఉండవు. మొన్న, గుండెకు స్టెంట్ వేయించుకున్న ఒక ఇంజనీరు వచ్చి, ఏటా స్నేహితులతో కలిసి కొండెక్కి దర్శనం చేసుకుంటానని, ఈసారి వెళ్ళొచ్చో లేదో ఒక్క మాటలో చెప్పమన్నాడు. రిపోర్టులు పక్కన పెట్టి, "ఆ ప్రయాణంలో మీకు అన్నిటికంటే ఇష్టమైనదేమిటి?" అని అడిగాను. అతను "కొండ కింద అందరం కలిసి తినే టిఫినండీ" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు రిపోర్టులు తెరిచాను.