వదిన మెట్లెక్కిన రోజు

తమిళ ఆడి నెల, రెండో శుక్రవారం. తెల్లారేలోపు నాలుగు బిందెల నీళ్లు పట్టాను. గడపకు పసుపు రాశాను. ఇడ్లీ పిండి రుబ్బి మూత పెట్టాను. చారుకు చింతపండు పిసుకుతుండగా మా అత్తగారి ఊరు తిరుత్తణి నుంచి మనిషి వచ్చి, మా వదిన పోయిందని చెప్పాడు. పొయ్యి ఆర్పేసి తిరువళ్లూరులో రైలెక్కాను.

వదిన మా ఆయనకు అక్క. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. గుంట మగ్గంలోకి దిగి, కుడికాలొక్కదానితోనే రెండు తొక్కుడు చెక్కలనూ మార్చి మార్చి తొక్కుతూ నేసేది. ఆలస్యమయ్యేది గానీ, ఆమె నేసిన చీర అంచు ఎక్కడా వంకర పోయేది కాదు. నేను కొత్తకోడలిగా వెళ్లినప్పుడు చెయ్యి పట్టి దించబోతే, "నువ్వు పట్టుకుంటే ఇద్దరమూ పడతాం, పక్కకు జరుగు మే" అంది. నూలు విడదీయడం నాకు నేర్పింది ఆమే. "చిక్కును లాగితే బిగుస్తాది. దారి చూపిచ్చు, అదే వస్తాది" అనేది. ఆ మాట నాకు చాలాచోట్ల పనికొచ్చింది. ఆమె విషయంలోనే గుర్తు రాలేదు.

డెబ్బైల్లో ఒక ఏడు ఊరికి టెంటు సినిమా వచ్చింది. అందులో ఒక కుంటి పిల్ల. ఇంట్లో అందరికీ బరువు. చివర్లో కొండ మెట్ల దగ్గర చేతికర్ర విసిరేసి, పాడుతూ ఎక్కుతుంది. పైమెట్టు మీద కాలు బాగైపోతుంది. డేరాలో ఆడవాళ్లందరం ఏడ్చాం.

అంతవరకూ వదినను నేతక్క అని పిలిచిన వీధి, మరునాటి నుంచి ఆ సినిమా పిల్ల పేరుతో పిలిచింది.

"నీకు నమ్మకం లేకనే గదా కాలు రాలేదు?" అంది ఎదురింటి పిన్నమ్మ.

"షూటింగు అయిపోతానే ఆ పిల్ల నడిచి ఇంటికి పోయుంటాది పిన్నమ్మా. కుంటినందుకు దానికి దుడ్లిచ్చినారు. నాకెవరిచ్చినారు?" అంది వదిన.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఏ పనైనా వరసగా చేస్తే అవుతుందని నా నమ్మకం. వదిన కాలు రావాలని మొక్కుకుని, ఆమెను తిరుత్తణి సామి కొండ ఎక్కించడానికి ఎన్ని మెట్లకొకసారి కూర్చోవాలో, వెంట ఏమేం తీసుకెళ్లాలో కాగితం మీద రాసుకున్నాను. రెండు నెలలు వెంటపడ్డాను.

"నీ పోరు పడలేక వస్తాండా. సామి కోసరం గాదు" అంది చివరికి.

మేమిద్దరమే వెళ్లాం. మొదటి మెట్టు దగ్గర ఆమె చేతికర్ర తీసేసుకున్నాను.

"కర్రతో ఎక్కితే మొక్కు చెల్లదు వదినా. సినిమాలో చూడలేదా?"

"జాగర్తగా పెట్టు మే. దిగేటప్పుడు కావాల" అంది.

సగం కూడా ఎక్కకముందే పడింది. విరిగింది కుడికాలు.

ఆ తర్వాత ఆమె మగ్గంలోకి దిగలేదు. పదేళ్లకు పైగా గోడకానుకుని పక్కవాళ్ల మగ్గాలకు నూలు కండెలు చుట్టింది. మనసులో భక్తి లేదు గనకే సామి తోసేసినాడని వీధంతా అనుకుంది. వదిన కాదనలేదు. నేనూ నోరు విప్పలేదు.

పోయినేడు నేను తిరుత్తణి వెళ్లిన ఒక ఆదివారం పక్కింటి టీవీలో అదే సినిమా వేశారు. నేను లేచి వెళ్లబోతే వదిన కొంగు పట్టి కూర్చోబెట్టింది. చివర్లో పిల్లలు చప్పట్లు కొట్టారు. "చూడు మే, ఇప్పుడు గూడా లేస్తానే ఉండాది" అని నవ్వింది.

ఈ శుక్రవారం మధ్యాహ్నం శవం దగ్గర పిన్నమ్మ కళ్లొత్తుకుంటూ, "పావం, ఆ పొద్దు మనసారా మొక్కుకోనుంటే ఈ గతి పట్టకపోవును" అంది. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు.

"కర్ర నేను లాక్కున్నా పిన్నమ్మా" అన్నాను. "కొన్ని మెట్లెక్కినాక, కాలు వణకతా ఉండాది, ఇయ్యి మే అని చెయ్యి చాపింది. సినిమాలో మాదిరే ఎక్కాలని నేనే ఇయ్యలేదు."

పిన్నమ్మ నా ముఖం వైపు చూడలేదు. ఒళ్లో పెట్టుకున్న నా చేతుల్నే చూస్తూ ఉండిపోయింది.