కనుమ మీద దించని రాయి

మా చిన్నప్పుడు చర్చిలో ఆదివారం పూజ అయ్యాక హాస్టల్ పిల్లల కోసం అమ్మలు వచ్చేవారు... టిఫిన్ డబ్బాలతో, కొత్త రిబ్బన్లతో. నేనప్పుడు నాలుగో తరగతి. మా అమ్మ కూడా అక్కడే ఉండేది... చర్చి వెనక సమాధుల తోటలో, చివరి వరసలో.

అమ్మ పోయినప్పుడు నేను ఏడవలేదు. ఆ తర్వాత మాట్లాడటం కూడా తగ్గిపోయింది. పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చునేదాన్ని.

హాస్టల్లో వంట చేసే బుద్రి పెద్దమ్మది కొండ అవతలి ఊరు. ఒక ఆదివారం సిస్టర్‌ని అడిగి నన్నూ వెంట తీసుకెళ్ళింది. కొండ కింద తనొక రాయి ఏరుకుని, నా చేతిలో ఒకటి పెట్టింది. పసుపు పూల వలిసె చేల గట్ల మీదుగా, కాఫీ తోటల నీడలోంచి ఎక్కాం.

పైన కనుమ దగ్గర నా నడుమెత్తు రాళ్ళ కుప్ప... దారిన పోయేవాళ్ళంతా కిందనుంచి తెచ్చిన రాయి అక్కడ దించి వెళ్తారట. కాళ్ళ నొప్పి, ఆయాసం ఆ రాయితో పాటే ఉండిపోతాయట.

నా రాయి పెట్టాను. కానీ కుప్పలో ఒక తెల్లరాయి కనిపించింది. అమ్మ సమాధికి ఇంకా పేరు రాసిన పలక లేదు. గుర్తుగా ఉంటుందని దాన్ని గౌను జేబులో వేసుకుని దిగాను.

మరుసటి ఆదివారం సమాధి మీద దాన్ని చూడగానే బుద్రి పెద్దమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మ! ఏటి సేసినావే గుంటా? ఎవులి కాళ్ళ నొప్పో మోసుకొచ్చి మీ యమ్మ మీద ఎట్టీసినావా? అన్ని పుస్తకాలు సదువుతావు, ఆ మాత్రం తెల్దా?"

"అమ్మకి నొప్పి పుట్టిందా?" అన్నాను.

అంతే... ఏడుపొచ్చేసింది. అమ్మ పోయాక మొదటిసారి.

పెద్దమ్మ ముఖం మారిపోయింది. రాయి తీసి నా చేతిలో పెట్టింది. "నేదులేయే... పద, బేగి దించీసి వద్దుం."

దారంతా ఏడుస్తూనే ఎక్కాను. తను ఊరుకోమనలేదు. రెండడుగులు ముందు నడిచింది, అంతే. పైన తెల్లరాయిని కుప్పలో పెట్టాక, నా కోసం ఇంకో రాయి తేలేదని గుర్తొచ్చింది.

"ఇంతసేపూ దించుతూనే వచ్చినావు కదే," అంది కొంగుతో నా ముఖం తుడుస్తూ.

కిందికి చూశాను. చర్చి అగ్గిపెట్టెంత. సమాధుల తోట ఆకుపచ్చ మరక. చుట్టూ కొండ వెనక కొండ, వాటి వెనక ఇంకా కొండలు... అమ్మ అంత చిన్న చోట ఎలా పడుతుంది, ఇక్కడే ఎక్కడో ఉండుంటుంది అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టింది.

పోయిన నెల బుద్రి పెద్దమ్మ చనిపోయిందని ఆలస్యంగా తెలిసింది. వెళ్ళాను. కొండ కింద ఒక రాయి ఏరుకుని ఒక్కదాన్నే ఎక్కాను. పైన తారు రోడ్డు, రెయిలింగు, ఫొటోలు దిగే జనం... కుప్ప లేదు. "ఆ రాళ్ళ కుప్పా? రోడ్డు వేసినప్పుడు దాని కిందకి పోయింది మేడమ్," అన్నాడు టీ అమ్మే అతను.

కొండలు మాత్రం అలాగే ఉన్నాయి. కాసేపు చూశాను. కానీ రాయిని ఆ రెయిలింగు పక్కన వదలబుద్ధి కాలేదు.

ఇప్పుడది నా పుస్తకాల అరలో ఉంది...

మీకు తెలిసిన ఏ కొండ మీదైనా అలాంటి కుప్ప ఇంకా మిగిలి ఉంటే, దారి చెప్పండి. నడిచే వస్తాను.