అక్క ఓడిపోయే బొమ్మ

ఆయన్ని అందరూ పళ్ళాయన అంటారు. అలాగని పళ్ళ డాక్టరు కాదు. డాక్టరు నోటి అచ్చు తీసి పంపుతాడు. ఆ అచ్చు మీద మైనం పెట్టి, మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి, కట్టుడు పళ్ళ సెట్టు తయారు చేసేది ఈయన. ల్యాబులో వెనక గది ఆయనది. కిటికీ కింద బల్ల, బల్ల మీద మైనం కరిగించే చిన్న దీపం, పక్కన పాలిష్ పట్టే మోటారు, అన్నిటి మీదా ప్లాస్టరు దుమ్ము. సాయంత్రానికి కనుబొమలు కూడా తెల్లబడి, ఉన్న వయసు చాలదన్నట్టు ఇంకో పదేళ్ళు మీద పడేవి. ఊళ్ళో చాలామంది నవ్వు ఆయన చేతి పనే. ఆ నవ్వే మొహాలు మాత్రం ఆయన చూసి ఎరగడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఆ లెక్కన ఊరి మంచితనంలో ఆయనకూ కొంత వాటా రావాలి. ఎవరూ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.

ఈ మనిషికి ఒక్కటే పిచ్చి ఉండేది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తన్నుకునే పాత వీడియో గేమ్ ఒకటుంది. తయారు చేసిన కంపెనీ దాన్ని ఎప్పుడో మర్చిపోయింది, ఆడేవాళ్ళు మర్చిపోలేదు. దాని లోపలి ఫైళ్ళు విప్పి, పాత వీరుల్ని తీసేసి, తమకు నచ్చినవాళ్ళని కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టారు. అలాంటి పిచ్చివాళ్ళు కొందరు ఆదివారం ఆదివారం ఒక టైలరు షాపు పై గదిలో చేరేవాళ్ళు. వాళ్ళకి పెద్ద ఒక షట్టర్ల మెకానిక్కు. అతన్ని రిఫరీ అని పిలిచేవాళ్ళు. ఆ గదిలో రెండే చట్టాలు. వీరుడికి కొత్త బలం ఒకటిస్తే పాత బలం ఒకటి తీసెయ్యాలి. ఎవరు తయారు చేసిన వీరుణ్ణి వాళ్ళే అందరి ముందూ మొదట ఓడించి చూపించాలి, ఓడించలేని వీరుడు ఆటకి పనికిరాడని.

మిగతావాళ్ళు మంటలు కక్కేవాళ్ళనీ, రెక్కలున్నవాళ్ళనీ తయారు చేశారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పళ్ళాయన ఒక మీసాల పహిల్వాన్ని తీసేసి ఆ స్థానంలో తన అక్కని పెట్టాడు.

అక్కంటే సొంత అక్కే. చిన్నప్పుడే తల్లి పోతే పెంచింది ఆవిడే. బావ పోయాక, ఆ పై ఏడు నుంచి, తమ్ముడూ అక్కా అక్క కూతురూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. అక్క ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. ఆవిడ వరండాలోకి వస్తే కుళాయి కూడా మెల్లగా కారేదని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదని ఆవిడకి కోపం. "అందరికీ పళ్ళు కడతావు, నీ పక్కన కూచుని నమిలేవాళ్ళని మాత్రం చూసుకోవేంరా" అనేది.

ఆటలో అక్కకి పళ్ళాయన ఇచ్చిన బలాలు ఇవి. దగ్గరగా వస్తే మొట్టికాయ. ఇంకా దగ్గరికొస్తే చెవి మెలి. శత్రువు ఎంతటివాడైనా, మంటలు కక్కేవాడైనా సరే, దొరికితే తొడపాశం. దానికి సగం ప్రాణం పోతుంది. గాల్లోకి ఎగిరినవాణ్ణి ఒక్క కేకతో కిందికి దించుతుంది. ఇన్ని ఇచ్చాడు కాబట్టి చట్టం ప్రకారం తీసెయ్యాల్సినవి తీసేశాడు. అక్క ఎగరదు. పరిగెత్తదు. వంగదు. వెనక్కి నడిపించే మీట నొక్కితే వెనక్కి నడవదు, చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఆవిడ స్వభావం అది, పళ్ళాయన కొత్తగా కల్పించిందేమీ లేదు.

ఆ గదిలో ఒక పద్ధతుంది. కావలసిన కదలికలన్నీ ఎవరో ఒకరు ఫోను ముందు చేస్తే, ఆ వీడియో ఆపి ఆపి, దాని మీద గీస్తారు. అక్క కదలికలన్నీ అక్కే చేసింది. హాల్లో నిలబడి, ఎదురుగా ఉన్న దిండుకి తొడపాశం పెట్టి, "ఇలాగేనా, ఇంకాస్త గట్టిగానా?" అని అడిగింది. చివరికి పరుపు వేసి, ఓడిపోయి పడే బొమ్మ కావాలంటే మాత్రం ఒప్పుకోలేదు.

"నేనెందుకు పడతాను? పడాల్సింది వాళ్ళు."

"ఆటన్నాక ఓడిపోవాలక్కా."

"ఓడేవాళ్ళని పెట్టుకో. నాకు పొయ్యి మీద పనుంది."

అక్క మాటకి ఎదురు లేదు కాబట్టి పళ్ళాయన అడ్డదారి తొక్కాడు. పహిల్వాన్ పడిపోయే బొమ్మల్నే అక్కకి తగిలించాడు. ఆదివారం చట్టం ప్రకారం అక్కని ఓడించి చూపించాడు. ప్రాణం అయిపోగానే అక్క మాయమై, ఆవిడ బదులు మీసాల పహిల్వాన్ వచ్చి వెల్లకిలా పడ్డాడు. గది గదంతా పొట్ట పట్టుకు నవ్వింది. రిఫరీ కళ్ళు తుడుచుకుంటూ, చెల్లుతుంది పొమ్మన్నాడు. ఇంటికొచ్చి అక్కకి చూపిస్తే ఆవిడ కూడా నవ్వి, "పాపం, నా బదులు వీడు పడుతున్నాడా" అంది.

ఆ చలికాలంలో అక్క చనిపోయింది.

పళ్ళాయన ల్యాబులో ఉండగా ఫోనొచ్చింది. వెళ్ళాడు, చెయ్యాల్సినవన్నీ చేశాడు, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాడు. కంట్లో చుక్క నీరు రాలేదు. గుండె రాయి చేసుకున్నాడని కొందరన్నారు. అంత శ్రమ ఆయన పడలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే పెదవి ఎలా ఉంటుందో ఆయనకి లోపల అలా ఉంది. ఉన్నట్టు తెలుస్తుంది, గిల్లితే తెలియదు. మర్నాడు ల్యాబుకి వెళ్ళి ఎవరో ముసలావిడ సెట్టుకి పాలిష్ పట్టాడు. పని బాగా కుదిరింది. ఆ తర్వాత నెలలన్నీ అలాగే కుదిరాయి.

ఇంట్లో మేనకోడలూ ఆయనా మిగిలారు. ఆ అమ్మాయి సిటీ బస్సు నడుపుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు, ఉప్పు అందుకునేవాళ్ళు, గ్యాసు అయిపోయిందని చెప్పుకునేవాళ్ళు. అక్క మాట ఎత్తేవాళ్ళు కాదు. అమ్మాయి ఎత్తబోయి, మేనమామ మొహం చూసి మింగేసేది.

ఇలా ఉండగా రిఫరీ ఆటకి కొత్త రూపం తయారు చేశాడు. పాత సరుకంతా ఊడ్చి పారేశాడు. అందులో పహిల్వాన్ బొమ్మలూ పోయాయి. ఆ ఆదివారం ఎవరో అక్కని ఓడించారు. తెర మీద ఆవిడ ప్రాణం ఎంతుందో చూపించే గీత ఖాళీ అయింది. అక్క మాత్రం పిడికిలెత్తి అలాగే నిలబడిపోయింది. టీవీ మొత్తం బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి తీగ పీకాల్సి వచ్చింది. మళ్ళీ ఆడితే మళ్ళీ అంతే.

రిఫరీ మొహమాటస్థుడు. పళ్ళాయన్ని మెట్ల దగ్గర ఆపి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఏమనుకోకయ్యా. ఇది వేరే ఊళ్ళవాళ్ళకి కూడా పంపాలి. అందరి టీవీలూ బిగుసుకుపోతే మన పరువు పోతుంది."

"పహిల్వాన్‌నే తెచ్చి పెట్టెయ్యొచ్చు కదా."

"ఆ ఫైళ్ళు కొత్తదాంట్లో నడవవు, చూశాను. అక్కకి పడే బొమ్మ గియ్యాలి. లేదంటే..." అని నీళ్ళు నమిలాడు.

"లేదంటే?"

"అక్కని తీసెయ్యాలి. వచ్చే ఆదివారం దాకా ఆగుతాను."

పళ్ళాయన సరేనన్నాడు. దారిలో దాని గురించే ఆలోచించాడు, కానీ ఒక పని గురించి ఆలోచించినట్టే ఆలోచించాడు. అక్క ఇంట్లో ఎలాగూ లేదు. ఆ గదిలో తొడపాశం పెడుతూ ఉంది. అక్కడ కూడా లేకుండా పోవడం ఆయనకి ఇష్టం లేదు. ఆ ఇష్టం లేకపోవడం ఒక్కటే ఆయనకి లోపల స్పష్టంగా తెలుస్తోంది.

మేనకోడలు డ్యూటీ దిగి వచ్చేసరికి హాల్లో పరుపు వేసి ఉంది. ఫోను ఆమె చేతికిచ్చి, వీడియో తియ్యమన్నాడు. యాభై దాటిన మనిషి, బస్తా దొర్లినట్టు పరుపు మీద పడ్డాడు. లేచి మళ్ళీ పడ్డాడు. ఇంకోవైపు పడ్డాడు. కింది వాటావాళ్ళు తమ పైకప్పుని కర్రతో పొడిచారు. అమ్మాయి తీసినంతసేపు తీసి ఫోను దించింది.

"అమ్మ ఇలా పడదు మావయ్యా."

"మరెలా పడుతుంది?" పళ్ళాయన మోకాలు రుద్దుకుంటూ అడిగాడు.

"నువ్వింతవరకూ నన్ను అడగనే లేదు."

"ఏమని?"

"అమ్మ ఎలా పోయిందో."

"గుండె అని చెప్పారుగా."

"అది డాక్టరు చెప్పింది. చూసింది నేను. నన్నడగలేదు."

పళ్ళాయన పరుపు మీద కూర్చున్నాడు. అమ్మాయి వెళ్ళి వీధి తలుపు పక్కన, చెప్పుల స్టాండు దగ్గర నిలబడింది.

"ఇక్కడుంది. నేను డ్యూటీకి వెళ్తున్నా, తలుపేసుకుందామని వచ్చింది. ఇలా గోడ మీద చెయ్యి వేసింది. పడలేదు మావయ్యా. కూచుంది. దారికడ్డం అవుతానేమోనని కొంచెం పక్కకి జరిగి మరీ కూచుంది. కాళ్ళ మీద చీర సర్దుకుంది. ఏంటమ్మా అన్నాను. నువ్వెళ్ళు, బస్సుకి లేటవుతుంది అంది. నేను ఒక చెప్పు వేసుకున్నా. రెండోది వేసుకుని తలెత్తేసరికి అయిపోయింది."

ఈ మాటలు విన్న మేనమామ ఎవరైనా లేచి ఆ పిల్ల తల నిమురుతాడు. పళ్ళాయన ఏం చేశాడో చెబితే మీకు కోపం వస్తుంది, నాకూ వచ్చింది. ఫోను అందుకుని, "ఇంకోసారి చెయ్యి" అన్నాడు.

అమ్మాయి ఆయన వంక చూసింది. తర్వాత చేసింది. గోడ మీద చెయ్యి వేసి, పక్కకి జరిగి, కూర్చుని, కాళ్ళ మీద బట్ట సర్దుకుంది. వెలుతురు చాలలేదని దీపం వేయించి మళ్ళీ చేయించాడు. తల కొంచెం ఇటు తిప్పమన్నాడు. ఆ పిల్ల ఏడుస్తూనే తిప్పింది.

"నీకేం అనిపించట్లేదా మావయ్యా?" అంది చివరికి, నేల మీద నుంచి లేవకుండానే.

"లేదమ్మా. అనిపిస్తే బాగుండు."

నొప్పించాలని అన్న మాట కాదని ఆమెకి తెలుసు. లేచి మొహం కడుక్కుని ఇద్దరికీ అన్నం వడ్డించింది.

తర్వాత ఆ వారమంతా ల్యాబు నుంచి రాగానే గీశాడు. పన్ను మీద గీత వంకర పోకుండా చెక్కే చెయ్యి కాబట్టి బొమ్మలు చక్కగా వచ్చాయి. మేనకోడలి భుజాలు కొంచెం వెడల్పు చేసి, మెడ తగ్గించి, జుట్టు నెరిపించాడు. ఒక్క చిక్కే మిగిలింది. ఆట మైదానంలో గోడ లేదు. అక్క చెయ్యి గాల్లో ఆగిపోయి ఉంది. దించి చూశాడు, మోకాలి మీద పెట్టి చూశాడు. ఏదీ అక్కలా లేదు. ఆఖరికి చేతిని గాల్లోనే వదిలేశాడు.

ఆదివారం పై గది నిండా ఉన్నారు. మేనకోడలు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. చేసినవాడే ఓడించాలన్నది చట్టం; ఈసారి అక్క బదులు పడటానికి పహిల్వాన్ లేడు. తాళాలు బాగుచేసే ఒకాయన అక్కని ఆడిస్తానన్నాడు. పళ్ళాయన రెక్కలవాణ్ణి తీసుకున్నాడు.

మొదట ఎప్పటిలాగే చిత్తుగా దెబ్బలు తిన్నాడు. మొట్టికాయ, చెవి మెలి, ఎగరబోతే కేక. తొడపాశానికి గదిలో ఎవరో "అబ్బా" అని తన తొడ పట్టుకున్నారు. తర్వాత పళ్ళాయన కుదురుకున్నాడు. అక్క ఎగరదు. కేక వేశాక కాసేపు ఊపిరి తీసుకుంటుంది. వెనక్కి తగ్గదు కాబట్టి ఎక్కడుంటుందో ముందే తెలుస్తుంది. అక్క లోట్లు ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఒక్కోటీ వాడుకున్నాడు. పైనుంచి తన్నాడు, దూరం జరిగాడు, మళ్ళీ పైనుంచి తన్నాడు. ప్రాణం గీత తరుగుతూ తరుగుతూ సన్నటి దారమైంది. పళ్ళాయన బొటనవేలు మీట మీద ఒక్క క్షణం ఆగింది. నొక్కాడు.

టీవీ బిగుసుకుపోలేదు. అక్క చెయ్యి చాపింది. గాల్లో దేన్నో పట్టుకోబోయింది, అక్కడేం లేదు. కొంచెం పక్కకి జరిగింది. కూర్చుంది. కాళ్ళ మీద చీర సర్దుకుంది. తల ఇటు తిప్పింది.

గదిలో ఎవరూ నవ్వలేదు. తలుపు దగ్గర మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రిఫరీ "పనిచేస్తోంది" అన్నాడు. తాళాలాయన అలవాటుగా మళ్ళీ ఆట మొదలుపెట్టే మీట నొక్కాడు. అక్క లేచి నిలబడి, చేతులు కట్టుకుంది.

పళ్ళాయన చేతిలోది కింద పెట్టాడు. పక్కనున్న రిఫరీ మోచెయ్యి పట్టుకున్నాడు.

"మా అక్క చనిపోయింది" అన్నాడు.

రిఫరీ ఆయన వైపు తిరిగాడు. "తెలుసు కదయ్యా. ఆ రోజు అందరం వచ్చాం కదా."

"మీకు తెలుసు" అన్నాడు పళ్ళాయన. ఆ తర్వాతి మాట ఏడుపులో సరిగా వినపడలేదు. ఇంకోసారి అన్నాడు. "నాకిప్పుడే తెలిసింది."